ఇంజను హెడ్ తోమిందెవరు?

"తబితా, ఆ చారు గిన్నె ఇటు జరపమని మీ నాన్నతో చెప్పు," అన్నాడు తాతయ్య.

చారు గిన్నె నాన్న మోచేతి దగ్గరే ఉంది. తాతయ్య మాట నాన్నకు వినిపించింది. అయినా కాసేపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత గిన్నెను రెండు వేళ్లతో తోశాడు.

"జరిపానని మీ తాతయ్యతో చెప్పు," అన్నాడు.

"నేనేమన్నా మీ మధ్య ఫోనునా?" అంది తబిత.

"నోరు మూసుకుని తినవే," అంది అమ్మ ఆశాజ్యోతి. "ఈ ఇంట్లో ఇప్పుడు నోరు తెరిస్తే గొడవే."

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నారు. బయట ఎండ ఉంది. లోపల కోపం ఉంది. కోపమంతా ఒక ఇంజను మీద.

పెరట్లో కొబ్బరాకుల పాక కింద తాతయ్య అబ్రహాము కొన్న పాత ట్రక్కు ఉంది. మామూలు బండ్లకు వెనక చక్రాలే తోస్తాయి. దీనికి ముందు చక్రాలు కూడా లాగుతాయి. అందుకే ఇసుకలో నడుస్తుంది.

వాళ్ల ఊరికి ఎదురుగా గోదావరి పాయ. పాయ దాటితే నది మధ్యలో లంక. అక్కడ అరటి, బెండ, దొండ పండుతాయి. ఎండాకాలం పాయ ఎండిపోతే ఒకటే ఇసుక. ఆటో వెళ్తే చక్రాలు దిగబడిపోతాయి. ట్రాక్టరు కూడా మధ్యలో ఆగిపోతుంది. ఈ ట్రక్కు మాత్రం గెలలు వేసుకుని మూలుగుతూ గట్టెక్కేది.

ఈ వేసవి మొదట్లో దాని ఇంజను పగిలింది. అప్పటి నుంచి లంకవాళ్లు గెలలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచి వస్తున్నారు. ఇప్పుడు వానలు మొదలయ్యాయి. ఎగువ నుంచి ఎర్రనీళ్లు దిగితే పాయ నిండిపోతుంది. ఆలోపు ట్రక్కు కదలాలి. కదలకపోతే కోతకొచ్చిన గెలలన్నీ లంకలోనే మునుగుతాయి.

వేరే ఇంజను కోసం తాతయ్య, నాన్న, తబిత నిన్న రాజమండ్రి వెళ్లారు. దొరబాబు గారి కొట్టులో ఎక్కడ చూసినా పాత ఇంజన్లే.

తాతయ్య తిన్నగా ఒక లారీ ఇంజను దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. "ఇసుకలో లాగాలంటే బలం కావాలి. ఇదే," అన్నాడు.

"ఇది బరువు నాన్నా. ముందు చక్రాలు దిగబడిపోతాయి. బోనెట్ కూడా మూతపడదు," అన్నాడు నాన్న ఎజ్రా. నాన్నకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది.

దొరబాబు గారు కొత్తరకం ఇంజను ఒకటి చూపించారు. తళతళలాడుతోంది. "దీనికి కంప్యూటర్ ఉందయ్యా," అన్నారు.

"పాయలో నీళ్లు ఒక్కోసారి బోనెట్ దాకా చిమ్ముతాయండి. ఆ కంప్యూటర్ తడిస్తే లంకలో ఎవరు చూస్తారు?" అన్నాడు నాన్న.

చివరికి ఒక మూలనున్న వ్యాను ఇంజను దగ్గర ఆగాడు. నాలుగు సిలిండర్లది. బయటంతా జిడ్డు, మసి. దొరబాబు గారు దాన్ని ఇనుప స్టాండు మీద పెట్టి స్టార్ట్ చేశారు. నాన్న పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత తబిత చెవి దగ్గర కూడా పెట్టాడు. లోపల టకటక ఒకే లయలో వినిపించింది.

"ఇది తీసుకుంటానండి," అన్నాడు నాన్న.

ఆ మాటతో తాతయ్య వెళ్లి ఆటోలో కూర్చున్నాడు. "నన్ను అడగడం దేనికి, వినకపోవడం దేనికి," అన్నాడు. నాన్నతో నేరుగా అన్న ఆఖరి మాట అదే.

తబితకు కూడా కోపంగానే ఉంది. అంతకుముందే స్కూల్లో తనతో చదివే దుర్గాశ్రీతో "మా ట్రక్కుకి లారీ ఇంజను వస్తోంది" అని చెప్పేసింది మరి.

సోమవారం బడి వదలగానే దుర్గాశ్రీ వెంటపడి ఇంటికి వచ్చింది. పాక కింద ఇంజను చుట్టూ ఒకసారి తిరిగింది. నాన్న అప్పటికే దాని పైభాగం విప్పి, గోనెసంచి మీద పెట్టాడు. దాన్ని హెడ్ అంటారు. గాలి, డీజిల్ మండిన పొగ, నూనె అన్నీ దాని కన్నాల్లోంచే తిరుగుతాయి.

"ఇదా మీ లారీ ఇంజను?" అంది దుర్గాశ్రీ. "మాడిపోయిన దాకలా ఉందే. మీ ఇంట్లో ఎవరికీ తోమడం రాదా?"

తబిత ముఖం ఎర్రబడింది. "మా వంటింట్లోకి వచ్చి చూడు. మీ ఇంట్లో గిన్నెలకంటే బాగా మెరుస్తాయి. తోమేది నేనే."

"గిన్నెలు మెరిస్తే బండి కదులుతుందా?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది దుర్గాశ్రీ.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ అంగన్‌వాడీ నుంచి రాలేదు. నాన్న షెడ్డులో ఉన్నాడు. తాతయ్య రేవు దగ్గర ఉన్నాడు.

తబిత పుస్తకాల సంచి అరుగు మీద పడేసింది. హెడ్‌ను గోనెసంచితో సహా పంపు దగ్గరకు ఈడ్చింది. చింతపండు తెచ్చింది. కొబ్బరి పీచు తెచ్చింది. పంపు పక్కన గిన్నెలు తోమడానికి ఎప్పుడూ ఉండే గోదావరి ఇసుక దోసెడు తీసుకుంది. ఇక తోమడం మొదలుపెట్టింది.

దుర్గాశ్రీ ముఖాన్ని తోముతున్నట్టే తోమింది. జిడ్డు వదిలింది. మసి వదిలింది. కన్నాల్లోకి కూడా వేలితో పీచు దూర్చి, ఇసుక వేసి మరీ తోమింది. నీళ్లు కొట్టి కడిగింది. ఎండలో ఆరబెట్టింది. పొడి గోనెసంచి మీద మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

పండగకు తోమిన ఇత్తడి బిందెలా మెరిసింది అది.

సాయంత్రం నాన్న వచ్చాడు. హెడ్ దగ్గర ఆగిపోయాడు. గొంతుక్కూర్చుని చేత్తో నిమిరాడు. తర్వాత అరుగు మీద కూర్చున్న తాతయ్య వైపు చూశాడు. తాతయ్య అటు తిరిగి ఉన్నాడు.

నాన్న లోపలికి వచ్చి అమ్మతో మెల్లగా అన్నాడు. "హెడ్ కడిగిపెట్టాడే."

"ఎవరు?"

"ఇంకెవరు? డీజిల్‌తో హెడ్ కడగడం ఈ ఇంట్లో నా తర్వాత మా నాన్నకే తెలుసు. నాతో మాట్లాడడు గానీ పని మాత్రం చేసిపెట్టాడు."

తబిత "నాన్నా" అనబోయింది. అంతలో అరుగు మీద నుంచి తాతయ్య పిలిచాడు.

"మీ నాన్న హెడ్ బాగానే కడిగాడే," అన్నాడు తాతయ్య. "పనివాడే, ఎంతైనా. ఇదిగో, ఈ టీ వాడికివ్వు. నేనిచ్చానని చెప్పకు."

తబిత టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. నాన్న తాతయ్య కడిగాడనుకుంటున్నాడు. తాతయ్య నాన్న కడిగాడనుకుంటున్నాడు. ఇద్దరి ముఖాల్లోనూ కోపం కొంచెం తగ్గింది. ఇప్పుడు నిజం చెబితే గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

టీ ఇచ్చింది. నోరు మూసుకుంది.

తాతయ్య కడిగాడన్న నమ్మకంతో నాన్న ఆ హెడ్‌ను మళ్లీ కడగలేదు. పైపైన గుడ్డతో తుడిచి బిగించి, ఇంజనును ట్రక్కులో ఎక్కించేశాడు.

శనివారం బడి లేదు. లంక నుంచి సుబ్బాయమ్మ గారు పొద్దున్నే వచ్చి పాక పక్కన కూర్చున్నారు.

"ఎజ్రా, పైన వానలు గట్టిగా పడుతున్నాయంట. ఈ నాలుగు రోజుల్లో పాయలోకి నీళ్లొచ్చేస్తాయంటున్నారు. నా గెలల సంగతేంటి నాయనా?"

"ఇవాళ స్టార్ట్ చేస్తానండి. రేపే మీ గెలలు ఇవతల ఉంటాయి," అన్నాడు నాన్న.

స్టార్ట్ చేసే ముందు ఇంజనును చేత్తో తిప్పి చూడటం నాన్న అలవాటు. ఇంజనుకు ముందున్న చిన్న చక్రానికి స్పానర్ పెట్టి మెల్లగా తిప్పాడు. రెండో చేత్తో స్క్రూడ్రైవర్ చెవికి ఆనించుకున్నాడు.

ముఖం మారిపోయింది. మళ్లీ తిప్పాడు.

"గరగరమంటోంది," అన్నాడు.

బోల్టులు విప్పాడు. హెడ్ పైకి లేపాడు. లోపల సిలిండర్ గోడ మీద వేలు పెట్టి రాశాడు. వేలికి నాలుగైదు రేణువులు అంటుకున్నాయి.

"ఇసుక."

తాతయ్య అరుగు దిగి గబగబా వచ్చాడు. వారంగా మాట్లాడని మనిషి నేరుగా నాన్న ముఖంలోకి చూస్తూ అన్నాడు. "చూశావా? ఇసుక పడవకి వాడిన ఇంజను నీకు అంటగట్టాడు ఆ దొరబాబు. నేను ఆ రోజే చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు? లారీ ఇంజను, లారీ ఇంజను అన్నావు అంతే."

"ఆ కొట్టు మొహమే నాకు నచ్చలేదు."

"మరి ఆ మాట అప్పుడే అనాల్సింది కదా."

అరుచుకున్నారు. తర్వాత ఇద్దరి కోపమూ కలిసి దొరబాబు గారి మీదకు మళ్లింది. నాన్న ఫోన్ చేశాడు. చేతికి గ్రీజు ఉండటంతో స్పీకర్ పెట్టాడు.

"ఏంటండీ దొరబాబు గారూ ఇది? ఇసుక నింపిన ఇంజను ఇస్తారాండీ?"

"ఎవడయ్యా నీకు చెప్పింది? నా కొట్టులో అలాంటి సరుకు లేదు."

"నా వేలికి అంటుకుని ఉందండీ. కళ్లతో చూస్తున్నాను."

"అక్కడే ఉండు. దాన్ని ముట్టుకోకు. నేనే వస్తున్నాను," అని దొరబాబు గారు ఫోన్ పెట్టేశారు.

తబిత పాక గుంజను పట్టుకుని నిలబడింది. గిన్నె తోమితే ఇసుక నీళ్లతో పోతుంది. ఇది పోలేదు. కన్నాల్లోనే ఉండిపోయింది.

దొరబాబు గారు మోటార్ సైకిల్ మీద వచ్చారు. పెద్దాయన. ఎండకు ముఖమంతా చెమట. సుబ్బాయమ్మ గారు మంచినీళ్లు తెమ్మన్నారు. ఆయన తాగలేదు.

"నా దగ్గర స్టార్ట్ చేసి చూపించానా లేదా? నీ చెవితో విన్నావా లేదా?"

"విన్నానండి. అప్పుడు బాగానే ఉంది."

"మరి ఇప్పుడు నన్ను దొంగని చేస్తావేంటి?"

"ఇసుక ఆకాశం నుంచి పడిందాండీ?" అన్నాడు తాతయ్య.

"నువ్వు మాట్లాడకు పెద్దాయనా. నీకు ఆ రోజు నుంచే నా మీద కడుపుమంట."

"ఇంజను తీసుకెళ్లిపోండి. నాకొద్దు," అన్నాడు నాన్న.

"తీసుకెళ్తాను. ఇప్పుడే ట్రాలీ పిలుస్తాను. కానీ ఒకటి విను ఎజ్రా. నా మాట మీద నమ్మకం లేనివాడికి ఇంకో ఇంజను కాదు, ఒక నట్టు కూడా ఇవ్వను."

సుబ్బాయమ్మ గారు లేచి నిలబడ్డారు. "ఇంజను వెళ్లిపోతే నా గెలలో?" అన్నారు.

దొరబాబు గారు ఫోన్ బయటికి తీశారు.

తబిత కళ్లు నేల మీదున్న హెడ్ మీదే ఉన్నాయి. గాలి వెళ్లే కన్నం అంచున, లోపలివైపు, ఒక పోగు కనిపించింది. గోధుమరంగు కొబ్బరి పీచు పోగు. పెద్దవాళ్లు అరుచుకుంటున్నారు. ఎవరూ దాన్ని చూడలేదు.

తబిత వంగింది. రెండు వేళ్లతో ఆ పోగు లాగింది. వచ్చేసింది. అరచేతిలో నలిపితే ఇక ఏమీ ఉండదు. ట్రాలీ వస్తుంది. ఇంజను పోతుంది. ఎవరికీ తెలియదు.

దొరబాబు గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. చెవి వెనక నుంచి చెమట కారుతోంది.

"నాన్నా," అంది తబిత. చెయ్యి చాపింది. "ఇది నాది."

"ఏంటది?"

"గిన్నెలు తోమే పీచు. హెడ్ నేనే తోమాను. ఇసుక పెట్టి."

నాన్న ఆ పోగు తీసుకుని వెలుగులో పట్టి చూశాడు.

నాన్న తాతయ్య వైపు తిరిగాడు. "హెడ్ కడిగింది నువ్వు కాదా?"

"నేనెందుకు కడుగుతాను? నువ్వు కడిగావనుకున్నాను."

దొరబాబు గారు ఫోన్ దించారు. ఒకసారి తండ్రిని, ఒకసారి కొడుకును చూశారు. "ఒకే గుమ్మంలోంచి తిరుగుతూ ఆ ఒక్క మాట అడగలేకపోయారా? నన్ను రాజమండ్రి నుంచి ఎండలో రప్పించారు."

నాన్న తబిత మీదకు వచ్చాడు. చెయ్యి ఎత్తలేదు గానీ గొంతు ఎత్తాడు. "ఎవరినడిగి ముట్టుకున్నావు? తోమిన రోజే ఎందుకు చెప్పలేదు?"

"దుర్గాశ్రీ మాడిపోయిన దాక అంది. కోపమొచ్చింది."

"కోపమొస్తే ఇంజనులో ఇసుక పోస్తావా?"

"పోయలేదు. తోమాను." తబితకు ఏడుపు వస్తోంది. కోపం కూడా వస్తోంది. "చెబుదామనుకున్నాను. నువ్వేమో తాతయ్య కడిగాడన్నావు. తాతయ్యేమో నీకు టీ పంపాడు. చెబితే మళ్లీ మీరు మాట్లాడుకోవడం ఆగిపోతుందనుకున్నాను."

"ఆ టీ నువ్వు పంపావా?" అన్నాడు నాన్న తాతయ్యతో.

తాతయ్య పంపు వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

నాన్న దొరబాబు గారి ముందుకు వెళ్లి చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండి. తొందరపడి నోరు జారాను."

తాతయ్య కూడా ఏదో గొణిగాడు. అందులో 'అండి' ఒక్కటే వినిపించింది.

తబిత కూడా ముందుకు వచ్చింది. "నా వల్లే అండీ. మిమ్మల్ని తిట్టేటప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

దొరబాబు గారి ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. "స్టార్ట్ చేశారా దీన్ని?"

"లేదండి. చేత్తో తిప్పానంతే."

"అయితే బతికింది. ఇంక తిప్పకు. మొత్తం విప్పు. పిస్టన్లు, కింద నూనె నిలిచే ఛాంబర్, అన్నీ. డీజిల్‌తో కడుగు. ఒక్క రేణువు మిగిలినా సిలిండర్ గీసేస్తుంది."

అమ్మ టీ తెచ్చింది. "వద్దమ్మా," అని ఆయన బండెక్కి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నుంచి ముగ్గురూ పాక కింద కూర్చున్నారు. నాన్న విప్పుతున్నాడు. తాతయ్య కడుగుతున్నాడు. తబిత తుడుస్తోంది. నాన్న కోపం తగ్గలేదు. తబితతో మాట్లాడలేదు. చాలాసేపటికి, "ఆ బ్రష్ ఇటివ్వు," అన్నాడు.

"చిన్నదా, పెద్దదా?" అంది తబిత.

"చిన్నది."

డీజిల్ వాసనకు కళ్లు మండాయి. గోళ్లు నల్లబడ్డాయి. ఏ ముక్క ముట్టుకోవాలన్నా ముందు అడిగింది. "ఇది తుడవనా తాతయ్యా? దీంతోనేనా?" ఇరవైసార్లు అడిగేసరికి తాతయ్య, "నీ అడగడంతో చచ్చిపోతున్నానే," అన్నాడు.

ఆదివారం చర్చి అయ్యాక మళ్లీ కూర్చున్నారు. దుర్గాశ్రీ వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఇంకా తోముతున్నావా? బయటంతా ఇంకా మాడిన దాకలానే ఉందే," అంది.

తబిత చెవులు వేడెక్కాయి. చేతిలో గుడ్డ బిగుసుకుంది.

"ఉండనీ," అంది. "నీ వెనక ఆ తెల్ల గుడ్డ ఉంది. ఇలా ఇవ్వు."

దుర్గాశ్రీ ఇచ్చింది. ఏం చేస్తుందో చూద్దామని అక్కడే కూర్చుంది.

నాన్న హెడ్ ఎత్తి బిగించబోయాడు.

"ఆగు నాన్నా," అంది తబిత.

తెల్ల గుడ్డను వేలికి చుట్టింది. ఒక్కో కన్నంలోకీ పెట్టి తిప్పింది. బయటికి తీసి, ఎండలో పట్టుకుని చూసింది. నూనె మరక ఉంది. రేణువు లేదు. అన్ని కన్నాలూ చూశాకే పక్కకు జరిగింది.

"ఇప్పుడు పెట్టు."

నాన్న ఆ గుడ్డ తీసుకుని తనూ ఒకసారి చూశాడు. తాతయ్యకు అందించాడు. తాతయ్య కళ్లజోడు పైకి జరిపి చూశాడు. తల ఊపాడు. అప్పుడు బిగించారు.

పొద్దు వాలకముందే ఇంజను స్టార్ట్ అయింది. ముందు నల్లటి పొగ వచ్చింది. తర్వాత పొగ పలచబడింది. టకటక, ఒకే లయ. సుబ్బాయమ్మ గారు అప్పుడే గోనెసంచులు పట్టుకుని ట్రక్కు వెనక ఎక్కేశారు.

"పదవయ్యా, ఇంకా చూస్తావేంటి," అన్నారు నాన్నతో.

"ఒక్క నిమిషం మామ్మగారూ," అంది తబిత. "నాన్నా, ఫోన్ ఇస్తావా? దొరబాబు గారికి చెయ్యాలి."

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. నంబరు కలిపి ఇచ్చాడు.

"దొరబాబు గారూ, నేను తబితనండీ. ఎజ్రా గారి అమ్మాయిని. ఇసుక పెట్టి తోమిన..."

"ఊఁ. ఏంటి?"

"ఒకసారి వింటారాండీ?"

ఆయన సరే అనలేదు, వద్దు అనలేదు. తబిత ఫోన్‌ను ఇంజను దగ్గరగా పట్టుకుంది. తర్వాత ఫోన్ మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

"గరగర లేదు," అన్నారు దొరబాబు గారు. ఆగారు. "స్పీడు కొంచెం ఎక్కువుంది. తగ్గించమని మీ నాన్నతో చెప్పు."

"చెప్తానండీ."

"మీ తాతయ్యతో కూడా చెప్పు. ఇద్దరికీ విడివిడిగా చెప్పు. వాళ్లని నమ్మడానికి లేదు."

ఫోన్ పెట్టేశారు.

తబిత ముందు నాన్నతో చెప్పింది. తర్వాత తాతయ్య దగ్గరకు వెళ్లి ఆయనతో కూడా చెప్పింది. నాన్న స్పీడు తగ్గించే స్క్రూ తిప్పాడు. తాతయ్య చెవి పెట్టి, "ఇంకొంచెం," అన్నాడు.

ట్రక్కు పాయలోకి దిగింది. చక్రాల కింద ఇసుక కరకరలాడింది.